బాడుగ బండి ఇరుసు

పూర్వం సింగవరంలో ఓబులేసు అనే కుమ్మరి ఉండేవాడు. కుండలు చేయడం తప్ప తనకే పనీ చేతకాదని అందరికంటే ముందు తనే చెప్పుకునేవాడు. ఓసారి సంతకు వెళ్లడానికి భూపతయ్య దగ్గర ఎడ్లబండి బాడుగకు తీసుకున్నాడు. బండి తిరిగి అప్పగించినవాళ్లకల్లా ఇరుసుకున్న పాత బీటనే చూపించి నష్టం గుంజడం భూపతయ్యకు అలవాటు. మర్నాడే ఓబులేసును న్యాయాధికారి ముందుకు ఈడ్చాడు.

"వీడి మూలాన నా కొత్త ఇరుసు బీటలు వారింది, ప్రభూ!"

"ఎలాగయ్యా?" అన్నాడు అధికారి.

"పందెపు బండిలా ఎడ్లను అదిలించి, రాళ్లవాగులో పడి తోలాడు!"

ఓబులేసు తల గోక్కున్నాడు. "అయ్యా, నా జన్మలో ఇంత పొగడ్త వినలేదు. నోరు మూసుకుని ఒప్పేసుకుందామనే ఉంది. కానీ ఆ ఎడ్లు నన్ను చూడగానే నా సత్తా ఏపాటిదో పసిగట్టేశాయి. బతిమాలాను, తిట్టాను, చివరికి పాట కూడా పాడాను. భూపతయ్యగారి దొడ్డి గుమ్మమైనా దాటలేదు. సిగ్గుతో బండి అక్కడే వదిలేసి, కుండలు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచాను. బాడుగ పుచ్చుకున్న అయ్యగారు అప్పటికే ఊరెళ్లిపోయారు. నా అవస్థ చూడలేక వారి ఇల్లాలే మజ్జిగ పోశారు. ఆమెను అడగండి."

ఇల్లాలు వచ్చి, నవ్వాపుకోలేక, అంతా నిజమేనంది. భూపతయ్య ముఖం మాడిపోయింది.

అధికారి బాడుగ తిరిగి ఇప్పించి, "ఓబులేసూ, ఆ బండి తోలుకునే ఇంటికి వెళ్లు. ఈసారి బాడుగ లేదు" అన్నాడు.

ఓబులేసు గబగబా చేతులు జోడించాడు. "వద్దు ప్రభూ! నేను ఈరోజే ఇల్లు చేరాలి."