వలయంలో పద్నాలుగు మంది

"దేవత మన మాట ఎందుకు వినలేదమ్మా?" అని అడిగాడు వెస్లీ.

ఐడా చేతిలోని ఫ్లాస్కు మూత బిగించింది. ఇద్దరూ ఓక్ చెట్ల తోపు అంచున మంచులో నిలబడి ఉన్నారు. ఎదురుగా నలుగురు మనుషులు లారీలోంచి మోటారు రంపాలు దించుతున్నారు.

అది ఒహాయోలో ఒక చిన్న ఊరు. పాత దేవతలనూ చెట్టునూ చేమనూ కొలిచే పేగన్లు అక్కడ పదిహేను మంది ఉండేవారు. వాళ్ళకి గురువు ఐడా క్రెబ్స్, బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. వాళ్ళ పాత కొలువుల్లోంచే పుట్టిన హాలోవీన్ పండుగకి ఆ ఊరంతా మంత్రగత్తె టోపీలు పెట్టుకుని మిఠాయిలు పంచుకుంటుంది. మర్నాడు ఐడా ఎదురైతే అదే ఊరు రోడ్డు దాటి అవతలి వైపుకి పోతుంది. పండుగ కావాలి గానీ, పండుగ ఎవరిదో ఆ మనుషులు అక్కర్లేదు.

ఐడా వాళ్ళకి గుడి లేదు. ఊరి చివరి ఈ తోపే గుడి. వెస్లీ తన భార్య లీనా చితాభస్మాన్ని ఇక్కడే, పెద్ద ఓక్ మొదట్లో కలిపాడు. తోపు కొట్టేసి కార్ల పార్కింగ్ కట్టాలా వద్దా అని నవంబరు ఎన్నికల్లో ఊరివాళ్ళని ఓటు అడిగారు.

ఆ ఏడాది ఎన్నికల రోజూ, సూర్యుడి లెక్కన వచ్చే వాళ్ళ పెద్దల పండుగా ఒక్కనాడే పడ్డాయి.

"ముందు ఓటు వేసి రండి. తర్వాత పూజకి వలయం కడదాం," అంది ఐడా.

వెస్లీ ఒప్పుకోలేదు. పోలింగ్ బూత్ చర్చి కింది హాల్లో పెట్టారు.

"మనం నరకానికి పోతామనేవాళ్ళ గడప నేను తొక్కను. పొద్దుటినుంచి రాత్రి ఏడున్నరకి పోలింగ్ ముగిసేదాకా వలయంలో నిలబడి దేవతని పిలుస్తాను. కాగితానికున్న బలం మంత్రానికి లేదా?"

మిగతావాళ్ళకి ఆ మాట గొప్పగా వినబడింది. పద్నాలుగు మంది చేతులు పట్టుకుని ఓక్ చుట్టూ నిలబడ్డారు.

ఐడా ఒక్కతే చర్చికి వెళ్ళి, 'నేను ఓటు వేశాను' అన్న స్టిక్కర్ కోటుకి అంటించుకుని వచ్చింది. వెస్లీ ఆమెకి చెయ్యి అందించలేదు.

"శిలువ కింద నిలబడి వచ్చినవాళ్ళకి ఇందులో చోటు లేదు," అన్నాడు.

డెబ్బై మూడేళ్ళ మనిషి. చలిలో బయటే ఒక మొద్దు మీద కూర్చుంది. ఆమెకి మనసు విరిగిపోయింది. అయినా లేచి ఇంటికి పోలేదు.

తోపు తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

డిసెంబరు ఇరవై ఒకటి వాళ్ళకి పెద్ద పండుగ, సూర్యుడు మళ్ళీ పుట్టే రోజు. కనీసం ఆ ఒక్క రోజు ఆగమని ఐడా ఊరి పాలక ఆఫీసుకి వెళ్ళి బతిమాలింది. "ఇరవై ఐదున క్రిస్మస్ సెలవండీ. ఆలోపు పనైపోవాలి. ఇరవై ఒకటి మామూలు గురువారమే కదా?" అన్నారు వాళ్ళు, మర్యాదగానే.

ఆ మామూలు గురువారం పొద్దున్నే లారీ వచ్చింది.

"వీళ్ళ చేతులు పడిపోను!" అన్నాడు వెస్లీ. "ఆ మేస్త్రీని చూడండి, మెడలో ఎంత శిలువ వేసుకున్నాడో! మనల్ని ఓడించింది వీళ్ళే."

ఐడా ఫ్లాస్కు తెరిచి కప్పులో కాఫీ పోసి అతని చేతికిచ్చింది.

"తీసుకెళ్ళి ఆయనకివ్వు. ఓటు ఎటు వేశాడో అడిగి రా."

వెస్లీ విసవిసా నడిచి వెళ్ళాడు. ఐడా ఇక్కడి నుంచే చూస్తూ నిలబడింది. మేస్త్రీ గ్లవ్స్ తీసి కప్పు అందుకున్నాడు. ఏదో చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి చెట్లకేసి చెయ్యి చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఏదో చిన్న మాట అన్నాడు. వెస్లీ అక్కడ నిలబడలేకపోయాడు.

తిరిగి వచ్చేసరికి అతని మొహం పాలిపోయి ఉంది.

"కొట్టొద్దనే వేశాడట," అన్నాడు మెల్లగా. "చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇక్కడికి తీసుకొచ్చేవాడట. ఆ రోజు షిఫ్టు దిగి, తలుపులు మూసేలోపు పరిగెత్తుకుంటూ వెళ్ళి వేశాడట."

"మరి నువ్వెటు వేశావని తిరిగి నిన్ను అడిగాడా?" అంది ఐడా.

వెస్లీ తల వంచుకున్నాడు. అవతల రంపం మోగింది. పెద్ద ఓక్‌తోనే మొదలుపెట్టారు.