పొట్లకాయకు పెద్ద వాకిలి

సింహాచలం కొండ పాదాన ఉన్న ఒక కాలనీలో, ఏ వస్తువు కొన్నా అవసరానికి మించిన కొలతలోనే కొనే వరహాలరావు అనే గృహస్థు ఉండేవాడు. "ముందు ముందు పనికివస్తుంది" అనేది అతని మాట. అతని చొక్కా భుజాలు మోచేతుల వైపు జారుతూ ఉండేవి. ముగ్గురే ఉన్న ఇంట్లో పెళ్లివంటకు సరిపోయే ఇత్తడి గుండిగ అటక మీద కూర్చుని ఉండేది. కూతురు లాస్య ఐదో తరగతి చదువుతూ ఉండేది. ఆ పిల్ల బూట్లు మాత్రం ఎనిమిదో తరగతికి తగినవి. ముందు భాగంలో దూది కుక్కి తొడుక్కునేది.

"పిల్ల పెరగదా?" అని వరహాలరావు అడిగేవాడు.

"పిల్ల పెరిగేలోగా బూట్లు చిరగవా?" అని భార్య కుసుమకుమారి అడిగేది.

అయినా అతని పద్ధతి మారలేదు. పెద్దది కొన్నవాడే తెలివైనవాడని అతని గట్టి నమ్మకం.

వారింట్లో ఒక కుక్క ఉండేది. ఒళ్లు పొడుగు, కాళ్లు పొట్టి. అది నడుస్తుంటే పందిరి నుంచి తెగిపడిన పొట్లకాయకు ప్రాణం వచ్చినట్లు ఉండేది. అందుచేత లాస్య దానికి పొట్లకాయ అనే పేరు పెట్టింది. హాలుకూ పెరటి వరండాకూ నడుమ పక్కకు జరిగే గాజు తలుపు ఉండేది. పొట్లకాయ బయటకు వెళ్లాలని ఆ గాజును గోళ్లతో గీకేది. తలుపు తీస్తే వెళ్లేది. వెళ్లిన మరుక్షణమే లోపలికి రావాలని అవతల నుంచి గీకేది. ప్రతిసారీ కుసుమ పొయ్యి మీద పోపు వదిలి పరుగెత్తేది. పోనీ తలుపు ఓరగా తెరిచి ఉంచుదామంటే దోమలు వచ్చేవి.

ఒకనాడు కుసుమ భర్తతో ఇలా అన్నది: "వచ్చే ఆదివారం మన ఇంట్లో విమల సీమంతం. అమ్మ లేదు. దానికి పుట్టింటి ముచ్చట జరిపించవలసినదాన్ని నేనే. దాని అత్తవారు మొదటిసారి మన గడప తొక్కుతున్నారు. వారి ముందు నా చెల్లెలు తల దించుకోకూడదు. ఆ రోజంతా నేను కుక్కకు తలుపు తీస్తూ నిలబడలేను. గాజు తలుపుకు అమర్చే చిన్న వాకిళ్లు దొరుకుతున్నాయట. ఒకటి తెచ్చి పెట్టండి."

"అంతేనా! నా పూచీ" అన్నాడు వరహాలరావు.

కుసుమ ఒక పురికొస తెచ్చింది. ఒక కొసను నేలకు ఆనించి, రెండో కొసను పొట్లకాయ వీపు దాకా లాగి, అక్కడ ముడి వేసింది. "ఇది ఆది. దీనికి పైన వేలెడు సందు ఉంటే చాలు" అని చెప్పి భర్త జేబులో పెట్టింది.

బజారులో దుకాణదారు ఓపికగా వివరించాడు. "సార్, గాజు కోయనక్కరలేదు. నిలువుగా ఉన్న ఈ పలకను తలుపు గాడిలో నిలబెడితే చాలు. అడుగున ఉన్న రబ్బరు రెక్కను తోసుకుని కుక్క వెళ్తుంది. చిన్నది, నడిమిది, పెద్దది ఉన్నాయి. మీ కుక్క ఎత్తు ఎంత?"

వరహాలరావు చెయ్యి జేబులోని పురికొసకు తగిలింది. కాని అతని చూపు అప్పటికే గోడకు ఆనించిన పెద్ద పలక మీద పడింది.

"ఆ పెద్దది దించు" అన్నాడు.

"పెద్ద కుక్కా సార్?"

"కాదు, పొట్టిదే. నాలుగేళ్లది."

"నాలుగేళ్లంటే ఇక పెరగదు కదా?"

"ఇది పెరగకపోవచ్చు. రేపు నేను పెద్ద కుక్కను తెస్తే?"

"తెస్తారా సార్?"

"తేను. కాని తెస్తే?"

దుకాణదారు పెద్ద పలకనే కట్టి ఇచ్చాడు.

పలకను గాడిలో నిలబెట్టిన తరువాత కుసుమ ముక్కున వేలేసుకున్నది. "ఇందులో నుంచి వెళ్లవలసింది పొట్లకాయా, మీరా?" అని అడిగింది. పలక అంత వెడల్పు కావడంతో మనుషులు నడిచే దారి సగమైంది. తడిబట్టల బకెట్టు పట్టుకుని ఆమె పక్కకు తిరిగి నడవవలసి వచ్చింది. ఇక పొట్లకాయ సంగతి. ఆ రబ్బరు రెక్క మందంగా, బరువుగా ఉన్నది. పొట్లకాయ ముక్కుతో తోసింది, రెక్క కదలలేదు. తలతో తోసింది, అప్పుడూ కదలలేదు. చివరకు అది రెక్క వైపు చూడడం మాని, పాత అలవాటు ప్రకారం గాజును గీకడం మొదలుపెట్టింది.

"నాన్నా, పొట్లకాయకు నీ వాకిలి నచ్చలేదు" అన్నది లాస్య.

వరహాలరావు తల గోక్కున్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. పురికొస దొరికింది. రెక్కను పైకి చుట్టి, ఆ పురికొసతోనే కట్టేశాడు. పొట్లకాయ తోక ఆడిస్తూ చక్కగా బయటకు నడిచింది.

"చూశారా! పని జరిగిందా లేదా?" అని అతను గర్వంగా అడిగాడు.

"కొలతకని ఇచ్చిన పురికొస కట్టడానికి పనికివచ్చిందన్నమాట!" అన్నది కుసుమ. "మనది కొండ పక్క ఇల్లండీ. కోతులు చూస్తే?"

"అది వాకిలని కోతులకు ఎవరు చెబుతారు?" అన్నాడు వరహాలరావు.

ఆదివారం వచ్చింది. ముందు రోజంతా కుసుమ కూర్చుని వండిన అరిసెలూ కజ్జికాయలూ పళ్లేల నిండా హాలులోని బల్ల మీద ఉన్నాయి. ఆమె లోపలి గదిలో చెల్లెలికి పూలజడ వేస్తూ, "ఏమండీ, హాలు మీద ఒక కన్ను వేసి ఉంచండి" అని కేక వేసింది. "నా పూచీ" అని వరహాలరావు వీధి గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టడానికి వెళ్లాడు.

కోతులకు ఎవరూ చెప్పలేదు. అవే చూసుకున్నాయి. మొదట ఒక తల్లికోతి పిల్లను పొట్టకు హత్తుకుని వచ్చింది. దాని వెనుక మరికొన్ని వచ్చాయి. అన్నిటికన్నా చివర వచ్చిన గండుకోతి, ఆ వాకిలి ఎంత పెద్దదంటే, తల వంచనైనా వంచకుండా లోపలికి నడిచింది. పిలిచిన చుట్టాల వలె అవన్నీ బల్ల చుట్టూ చేరాయి. పొట్లకాయ సోఫా కింద దూరి, అక్కడి నుంచి ఎంతో ధైర్యంగా మొరిగింది.

మొరుగుడు విని వరహాలరావు వెనుదిరిగి పరుగెత్తబోయాడు. వేలాడే చొక్కా చెయ్యి గుమ్మం గొళ్లేనికి తగులుకున్నది. అతను విడిపించుకునే లోపల, పెరట్లో పూలు కోస్తున్న లాస్య వరండా వైపు పరుగెత్తింది. మెట్టు దగ్గర దూది కుక్కిన బూటు జారిపోయింది. పిల్ల గడ్డిలో బోర్లా పడింది. దెబ్బ తగలలేదు కాని, బూటు ఒకచోట, లాస్య ఒకచోట, పూలు అంతటా అయ్యాయి. ఆ పిల్ల లేచి నిలబడేసరికి కోతులు ప్రహరీ మీద వరుసగా కూర్చుని కజ్జికాయలు కొరుకుతున్నాయి. గండుకోతి ఒడిలో అరిసెల దొంతర ఉన్నది.

కుసుమ పరుగున వచ్చి ఖాళీ పళ్లేలు చూసింది. బల్ల మీద మిగిలినవన్నీ కోతుల ఎంగిలి. ఆమె కుర్చీలో కూలబడి, "ఇంకో గంటలో వాళ్లు వస్తారు. అమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేదా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకున్నది.

వరహాలరావు చూపు రెక్కకు కట్టిన పురికొస మీద నిలిచింది. ముడి ఇంకా అలాగే ఉన్నది. పొట్లకాయ వీపు ఎక్కడికి వస్తుందో ఆ ముడి ఇప్పటికీ సరిగ్గానే చెబుతున్నది.

"కుసుమా, నువ్వు సరైన కొలత ఇచ్చావు. నేను వినలేదు. తప్పు నాది" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట వినబడడం అదే మొదటిసారి.

గుమ్మంలో నిలబడిన విమల పొట్ట పట్టుకుని నవ్వింది. "బావగారూ! నా సారె నాకన్నా ముందు కొండ మీది చుట్టాలకు పంచిపెట్టారా? పోనీలే, వాళ్లూ సింహాచలం వాళ్లే! అక్కా, లే. మా అత్తగారికి అరిసెల కన్నా పరమాన్నం ఇష్టం."

"అంతమందికి పరమాన్నం ఎందులో వండను?" అన్నది కుసుమ.

వరహాలరావు అటక ఎక్కి గుండిగ దించాడు. తానే తోమాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పొయ్యి ముందు నిలబడి, విమల అత్తవారి కారు వీధి మలుపు తిరిగే దాకా పరమాన్నం కలుపుతూనే ఉన్నాడు. విమల అత్తగారు మారు వడ్డించుకుని తిన్నది. "ఇంత కమ్మని పరమాన్నం తిని ఎంత కాలమైందో! మీ అక్క చేతి వంట నీకు కూడా నేర్పమని చెప్పు, విమలా" అన్నది. "అక్క కాదండీ, బావగారు!" అని విమల అనగానే ఇల్లంతా నవ్వులతో నిండిపోయింది.

చుట్టాలు వెళ్లిన తరువాత వరహాలరావు మెల్లగా, "గుండిగ పెద్దది కొనబట్టే కదా గండం గడిచింది!" అన్నాడు.

కుసుమ నవ్వి, "పెద్దది కాబట్టి కాదండీ. ఇన్నాళ్లకు దానికి తగిన పంక్తి కూర్చున్నది కాబట్టి" అన్నది.

మరునాడు వరహాలరావు లాస్యను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లాడు. దుకాణదారు ఏమీ అడగకముందే పురికొస బల్ల మీద చాపి, "ఇదిగో ఆది. దీనికి పైన వేలెడు సందు చాలు" అన్నాడు. పెద్ద పలక ఇచ్చి చిన్నది తీసుకున్నాడు. పక్క దుకాణంలో లాస్య పాదం కొలిపించి, దూది అక్కరలేని బూట్లు కొన్నాడు. లాస్య ఆ బూట్లతో ఇంటి దాకా పరుగెత్తుకుంటూనే వచ్చింది.

కొత్త రెక్క తేలికగా ఉన్నది. పొట్లకాయ ముక్కు ఆనించగానే తెరుచుకున్నది. తోక దాటగానే దానంతటదే మూసుకున్నది. కుసుమ బకెట్టు పట్టుకుని నిటారుగా వరండాలోకి నడిచింది. ప్రహరీ మీది గండుకోతి దిగివచ్చి, నిన్నటి వాకిలి కోసం చాలాసేపు వెదికింది. తెరిచిన దారి ఎక్కడా కనబడక, గాజులో తన ముఖమే తాను చూసుకుని, మూతి ముడుచుకుని కొండ వైపు వెళ్లిపోయింది.

వస్తువు విలువ దాని పెద్దతనంలో లేదు, అవసరానికి తగిన కొలతలో ఉన్నది. కొలత చూసుకుని ఎంచుకున్నవాడే సుఖపడతాడు.