గడప లేని బండి ఇల్లు

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున అరవై గడపల ఊరు. ఊరిని ఏలే ఒక రాజు.

ఆ ఏడు ఆషాఢంలో ఏరు ఒడ్డు దాటింది. మూడు దినాలు ఆగకుండా పారింది. నాలుగోనాటికి నీరు తీసింది గానీ, అప్పటికి ఊరు లేదు. జనం ముందే గుట్ట ఎక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

రాజుగారు దండోరా వేయించాడు.

"ఇకమీదట ఏటి ఒడ్డున ఎవరూ ఇల్లు కట్టరాదు. మెరక మీద కొత్త ఊరు వెలుస్తుంది. కార్తీకమాసంలో మా అధికారి మీరు తలదాచుకున్న చోటికే వస్తాడు. పాకైనా సరే, పందిరైనా సరే, దానికి గడప ఉండాలి. వానకాలమంతా ఆ గడపకు పసుపు రాసి, కాపురం నిలిపి ఉండాలి. అటువంటి గడప మీద సున్నపు బొట్టు పెడతాడు. బొట్టు పడ్డవారికి మెరక మీద ఇంటిచోటు. పడనివారికి లేదు."

ఆ దేశంలో ఊళ్ళను గడపలతో లెక్కించేవారు. గడప ఉంటే కాపురం. గడప లేకపోతే అది దారినపోయేవారి మజిలీ. బాటసారులు కూడా గడప చూసే పలకరించేవారు, అరుగు చూసే ఆగేవారు.

ఊరి జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. అన్నదమ్ములున్నవారు అన్నదమ్ముల పెరట్లో పాక వేసుకున్నారు. మేనమామలున్నవారు మేనమామల పంచన చేరారు. ఎవరూ లేనివాడు ఒక్కడే. అతని పేరు సింగరాచారి. వడ్రంగి. ఇంట్లో తల్లి అచ్చమ్మ, భార్య పేరమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు కనకం.

సింగరాచారి దగ్గర ఒక పాత గూడుబండి ఉండేది. బట్టల వర్తకుడొకడు, "ఇది నా సరుకు మోయలేదు, నువ్వే ఉంచుకో" అని ఎప్పుడో వదిలేసి పోయాడు. ఏరు ఇంటిని తీసుకుపోయినా గుట్ట మీదున్న బండిని ముట్టలేదు. అతను దాన్ని ఉప్పుబాట పక్కనున్న దిబ్బ మీదికి లాగించాడు. ముందు నొగల కింద, వెనక కమ్మి కింద ఆనుకొయ్యలు పెట్టి, బండిని కదలకుండా నిలబెట్టాడు.

ఆరు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు. అంతే ఇల్లు. అడుగున పలకలు మార్చాడు. పైన వెదురు బద్దలు వంచి తాటాకు కప్పాడు. కనకం పడుకోవడానికి పైన చిన్న అటక కట్టాడు. పగలు మడిచి రాత్రి పరిచే బల్ల ఒకటి చేశాడు. కుండలకు ఉట్టి, బట్టలకు దండెం. చక్రాల నడుమ కట్టెలు, బండి వెనక చూరు కింద పొయ్యి. నాలుగు రోజుల్లో పని ముగించి చేతులు దులుపుకున్నాడు.

కనకం లోపలంతా పాకి చూసి వచ్చి అంది. "నాయనా, ఈ పక్క ఒక కిటికీ పెట్టవూ? బాట కనపడుతుంది."

"కిటికీ పెడితే జల్లు కొడుతుంది. దానికి రెక్క చెయ్యాలి, బందులు వెయ్యాలి. నాలుగు నెలల ముచ్చటకు అవన్నీ ఎందుకే? బాట చూసి నువ్వేం రాజ్యాలేలాలి?"

మర్నాడు అచ్చమ్మ పిలిచింది.

"ఒరే సింగా, బండి వెనక జానెడు అరుగు వెయ్యరా. పగలంతా ఈ గూట్లో పొదిగే కోడిలా కూర్చోలేను. పొదగడానికి గుడ్లు కూడా లేవు."

"బండికి అరుగేమిటే అమ్మా? విన్నవాళ్ళు నవ్వుతారు."

"నవ్వడానికైనా ఒకడు ఆగుతాడు గదరా!"

"నాలుగు నెలలు ఓర్చుకో. కొత్త ఇంటికి ఏనుగు పడుకునేంత అరుగు వేస్తాను."

"ఏనుగుకు ఎందుకురా, నాకు వెయ్యి" అంది అచ్చమ్మ. అతను నవ్వి ఊరుకున్నాడు.

మూడోనాడు పేరమ్మ అడిగింది. "ఏమయ్యా, అన్నీ వదిలెయ్యి. గడప మాత్రం వెయ్యి. రాజుగారి మాట విన్నావు గదా."

"గడప నాకు గడియ పని. కార్తీకం నాటికి వేస్తాలే."

"వానకాలమంతా పసుపు రాసి ఉండాలన్నారు."

"చెక్కకు నోరుందా పేరమ్మా, నేను నిన్ననే పుట్టానని చెప్పడానికి?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సింగరాచారి సోమరి కాదు. రోజూ తెల్లవారగానే బాడిస భుజాన వేసుకుని కోసెడు దూరంలో ఉన్న పల్లెకు పోయేవాడు. అక్కడ ఒక రైతు కట్టుకుంటున్న కొత్త ఇంటికి ద్వారబంధాలు చేసేవాడు. గడపకు తామరపూలు చెక్కేవాడు. ఒక రేకు వంకర పోతే మళ్ళీ మొదటినుంచి చెక్కేవాడు. "అది నూరేళ్ళు ఉండే ఇల్లు" అనేవాడు. తనది నాలుగు నెలల ఇల్లు కాబట్టి తనవాళ్ళకు పనివాడి చెయ్యి అక్కర్లేదనుకున్నాడు. ఆ లెక్క తప్పు. ఎంత తప్పో వినండి.

వానలు ముదిరాయి. దిబ్బ చుట్టూ బురద. జల్లుకు వాకిలి మూసి ఉంచితే బండిలో పగలే చీకటి. పేరమ్మ కట్టెలకూ నీళ్ళకూ పోతే లోపల ముసలమ్మా మనవరాలే మిగిలేవారు. బాట వెంట మనుషులు పోతూనే ఉండేవారు. వాళ్ళు కనపడరు, చప్పుళ్ళే వినపడేవి.

"గలగలమంటోంది, గాజుల శెట్టి" అనేది అచ్చమ్మ.

"కాదు అవ్వా, అవి మేకల మెడగంటలు."

"ఆగుతారేమో చూడవే."

"దేనిలోంచి చూడను అవ్వా?"

ఎవరూ ఆగలేదు. ఎందుకు ఆగుతారు? గడప లేదు, అరుగు లేదు, బాటవైపు కిటికీ లేదు. ఎవరో బాటసారులు వానకు బండి నిలిపారు, తెరిపిస్తే పోతారు అనుకుని సాగిపోయేవారు. మేకలవాళ్ళు పోయారు. గాజుల శెట్టి పోయాడు. ఉప్పు వర్తకులు ఎడ్లమీద బస్తాలు వేసుకుని నెలకు మూడుసార్లు వస్తూ పోతూ ఉండేవారు.

శ్రావణంలో అచ్చమ్మ చప్పుళ్ళకు పేర్లు పెట్టడం మానింది. భాద్రపదంలో మాట్లాడటం తగ్గించింది. కొడుకు సాయంత్రం వచ్చి "ఏమ్మా, తిన్నావా?" అంటే "ఆఁ" అనేది. అంతకంటే మాటలు ఆ ముసలిదానికి మిగల్లేదు. ఉన్న జబ్బు ఒక్కటే, పలకరించే మనిషి లేకపోవడం. దానికి వైద్యుడి దగ్గర మందు లేదు.

ఆశ్వయుజంలో ఒక పొద్దున ఆమె లేవలేదు.

సింగరాచారి పాడె కట్టాడు. కట్టిన తరువాత నిలబడిపోయాడు. పాడెకు నాలుగు భుజాలు కావాలి. అతనికి ఉన్నది తన భుజం ఒక్కటే. అరవై గడపల ఊరు గుట్టకు అవతల చెదిరిపోయింది. పనికి పోయే పల్లెలో అతను కూలివాడే గానీ చుట్టం కాడు. అతను బాటమీదికి పోయి చేతులు జోడించి నిలుచున్నాడు.

ఉప్పు వర్తకులు ముగ్గురు వస్తున్నారు. సంగతి విని ఎడ్లను ఆపారు, బస్తాలు దించారు, తలపాగాలు విప్పి నడుముకు కట్టుకున్నారు. ఏ కులమని అడగలేదు, ఏ ఊరని అడగలేదు. మోశారు.

తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళలో పెద్దవాడు అడిగాడు. "ఆ బండిలో మీరు ఎన్నాళ్ళనుంచి ఉన్నారు నాయనా?"

"ఆషాఢం నుంచి."

"ఆషాఢం నుంచా! నెలకు మూడుసార్లు ఈ దారినే పోతున్నాం. లోపల ఒక పెద్దావిడ ఉందని ఎరగమే! బయట ఎక్కడైనా కూర్చుని కనపడి ఉంటే, అమ్మా బాగున్నావా అని ఒక మాట అనకపోదుమా? మా అమ్మ వయసుది."

దిబ్బ దగ్గరకు రాగానే సింగరాచారి వాళ్ళ బస్తాలు ఒక్కొక్కటే ఎత్తి ఎడ్లమీద వేశాడు.

దుఃఖంలో రోజులు లెక్క తప్పాయి. కార్తీకం వచ్చిందని అతనికి పక్క పల్లెలో డప్పు వినపడే దాకా తెలియలేదు. అధికారి మధ్యాహ్నానికి దిబ్బ దగ్గరకు వస్తాడని చాటుతున్నారు. సింగరాచారి పరుగున వచ్చాడు. టేకు పలక ఒకటి కోసి, చిత్రిక పట్టి, బండి వాకిట బిగించాడు. దానికి మసి, నూనె కలిపి రుద్దాడు. మీద పసుపు పూశాడు. కొత్త చెక్క పాత చెక్కలా కనపడింది. అతని చేతిలో ఆ పనితనం ఉంది మరి.

"పేరమ్మా, అడిగితే ఆషాఢం నుంచి ఉందని చెప్పు."

పేరమ్మ ఔననలేదు, కాదనలేదు.

అధికారి గుర్రం దిగాడు. వెంట సున్నపు పిడత పట్టుకున్న బంటు.

"గడప ఎన్నాళ్ళది?"

"ఆషాఢం నాటిది దొరా" అన్నాడు సింగరాచారి.

అధికారి కనకాన్ని చూశాడు. "పాపా, దీనికి రోజూ పసుపు ఎవరు రాస్తారు?"

కనకం తండ్రిని చూసింది, తల్లిని చూసింది, నేలను చూసింది.

అధికారి పేరమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఇల్లాలివి. గడప సంగతి నీకంటే తెలిసినవారు లేరు."

ఆమెకు తెలుసు. ఒక్క అబద్ధానికి ఇంటిచోటు వస్తుంది, ఇరుగూ పొరుగూ వస్తారు, ఈ ఒంటరి దిబ్బ వదిలిపోతుంది. ఒక్క నిజానికి అవన్నీ పోతాయి. కూతురు తన ముఖమే చూస్తోంది.

"ఈ పొద్దుటిదే అయ్యా" అంది పేరమ్మ. "వానకాలమంతా మాకు గడప లేదు."

సింగరాచారి తల వంచుకున్నాడు.

అధికారి చెప్పుతో గడ్డిని కదిపి చూపించాడు. "రంపపు పొట్టు ఇంకా ఇక్కడే ఉంది. నేను తెలియక అడగలేదు. ఆచారీ, నీ మాటకు నీ పేరు కొట్టెయ్యాలి. నీ భార్య మాటకు ఉంచుతున్నాను. కానీ చట్టం చట్టమే. ఈ ఏడు బొట్టు లేదు. వచ్చే కార్తీకంలో వస్తాను. అప్పటి దాకా ఇదే మీ ఇల్లు."

అధికారి వెళ్ళిపోయాడు. కొత్త ఊరికి పోయే బళ్ళు ఒక్కొక్కటే గుట్ట మలుపు తిరగడం దిబ్బ మీదినుంచి కనపడింది. తరువాత బాట ఖాళీ అయింది.

భార్య ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె పొయ్యి రాజేసింది. ఆ ఊరకుండటం అతనికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

"మసి పూసింది కడిగెయ్యి పేరమ్మా" అన్నాడు. "ఈ గడపను మళ్ళీ చేస్తాను."

చేశాడు. తామరపూలతో చేశాడు. ఒక రేకు వంకర పోతే మళ్ళీ మొదలుపెట్టాడు. బాటవైపు కిటికీ కోశాడు, జల్లు పడకుండా రెక్క వేశాడు. వెనక జానెడు కాదు, మూరెడు అరుగు వేశాడు. పేరమ్మ రోజూ గడపకు పసుపు రాసింది, దిబ్బ మీద ముగ్గు పెట్టింది.

మొదట మేకలవాళ్ళు ఆగి మజ్జిగ అడిగారు. తరువాత గాజుల శెట్టి ఆగి కనకానికి గాజులు తొడిగాడు. ఉప్పు వర్తకులు వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని, దేశం మీది కబుర్లన్నీ చెప్పిపోయేవారు. అందరూ కూర్చున్నారు. సింగరాచారి మాత్రం ఆ అరుగు మీద ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోవలసిన మనిషి కూర్చోకుండానే పోయింది. చేసిన పనిని దిద్దవచ్చు. పోయిన మనిషికి ఆ దిద్దుబాటు అందదు.

కార్తీకంలో అధికారి వచ్చాడు. గడప చూశాడు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. బంటు చేతిలోని పిడత తానే తీసుకుని సున్నపు బొట్టు పెట్టాడు.

"పదండి. మెరక మీద మీ చోటు కొలిచి ఉంచాం. నేనూ అటే పోతున్నాను, వెంట రండి" అన్నాడు.

ఆనుకొయ్యలు తీశారు. పక్క పల్లె రైతు ఎడ్లను ఇచ్చాడు, కాడి కట్టారు. బండి నాలుగు బారలు కదిలింది. సింగరాచారి ఆపి కిందికి దిగాడు. కుడి చక్రం కడసీల వదులుగా ఉంది. చక్రాన్ని ఇరుసు నుంచి ఊడకుండా పట్టే మేకు అది. అతను చెట్టు కింద కూర్చుని కొత్త సీల చెక్కడం మొదలుపెట్టాడు.

అధికారి గుర్రం మీదినుంచి విసుక్కున్నాడు. "ఇదేమిటి ఆచారీ! పోయేది అర కోసు. ఆ తరువాత ఈ బండితో నీకు పనే లేదు. గుడ్డపీలిక చుట్టి కొట్టెయ్యరాదా?"

"అర కోసైనా లోపల నా భార్యాబిడ్డలు ఉన్నారు దొరా" అన్నాడు సింగరాచారి. తల ఎత్తకుండా సీల నునుపు చేసి, బిగించి, రెండుసార్లు కదిపి చూసుకుని, అప్పుడు ఎడ్లను అదిలించాడు.

నీతి: కొన్నాళ్ళదే కదా అని ఏ పనినీ కొరతగా చేయకు, మనిషి బతుకే కొన్నాళ్ళది.