నడిమి రాయి

"గురువుగారూ, కుడికంటికి భూతద్దం పెట్టుకున్నప్పుడు ఎడమ కన్ను మూసుకుంటే వచ్చే నష్టమేమిటి?" అని కాశీనాథం ఒకరోజు పొద్దున్నే సోమలింగాచారి గారిని అడిగాడు.

తెనాలిలో బంగారప్పని చేసేవాళ్ళ వీధి చివర, రాళ్ళు పొదిగే చిన్న దుకాణం ఆచారి గారిది. కాశీనాథం ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ రోజుల్లో ఆ గుమ్మం దగ్గరికి వస్తేనే కరిగిన లక్క వాసన, కుంపట్లో బొగ్గుల వాసన, ఉడుకుతున్న కుంకుడుకాయల వాసన కలిసి ఎదురొచ్చేవి. ఆ మూడూ కలిసిన వాసన మళ్ళీ ఎక్కడా తగల్లేదని కాశీనాథం ముసలివాడయ్యాక కూడా చెప్పుకునేవాడు.

ప్రశ్నకు జవాబు చెప్పడం ఆచారి గారికి అలవాటు లేదు. "ఉండు, ఎవరో ఒకరు వస్తారు" అనేవారు. ఆ వచ్చేవాళ్ళకూ తన ప్రశ్నకూ సంబంధమేమిటో కొత్తల్లో కాశీనాథానికి అర్థమయ్యేది కాదు.

ఆరోజు ప్రశ్న పుట్టడానికి కారణం అతని కొత్త భూతద్దం. దుకాణం సొరుగులో పాతవి ఉండనే ఉన్నాయి. పిడి ఉన్న పెద్దది వచ్చినవాళ్ళ చేతికిచ్చి చూపించడానికి. ఇత్తడి చుట్టుతో, తీగతో తలకు తగిలించుకునేది మరొకటి. వస్తువును మూడింతలు చేసి చూపేది. ఆచారి గారు పనంతా దానితోనే చేసేవారు. కాశీనాథానికి అది ఆనలేదు. పండగ బహుమానం డబ్బు పెట్టి, మద్రాసు వెళ్ళే ఒకాయన చేత పదింతలు చూపే అద్దం తెప్పించుకున్నాడు. దానిలోంచి చూస్తే తన బొటనవేలి గీతలు దుక్కి దున్నిన చేనులా కనిపించాయి. మొదటిరోజు రాయి కన్నా తన వేలినే ఎక్కువసేపు చూసుకున్నాడు.

అయితే ఎడమ కన్ను తెరిచి ఉంచితే లోపలి బొమ్మ, బయటి బొమ్మ కలిసిపోయి తల తిరిగేది. అందుకని ఆ కన్ను మూసేవాడు. అది చూసినప్పుడల్లా ఆచారి గారు, "కాశీ, రెండోది తెరువు" అనేవారు. పని ఆపేవారు కాదు, తలెత్తేవారు కాదు. మూసినట్టు ఆయనకెలా తెలిసేదో!

ఆ పొద్దున కూడా అదే జరిగింది. ప్రశ్నకు ఆయన మామూలుగానే, "ఉండు, ఎవరో ఒకరు వస్తారు" అని ఊరుకున్నారు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకు ఒక ముసలి దంపతులు రిక్షా దిగారు. కొల్లిపర నుంచి వచ్చామన్నారు. ఆయన పేరు తాతారావు గారు. మల్లెపువ్వులాంటి పంచె, భుజం మీద కండువా, ఆ వయసులోనూ నిటారైన నడక. ఒకప్పుడు వేషాలు కట్టిన మనిషని మాట పలికే తీరులోనే తెలుస్తోంది. ఆవిడ రత్తమ్మ గారు. గుమ్మంలో చెప్పులు విడిచి, బల్ల మీద కూర్చుని, కొంగుముడి విప్పి ఒక జత రవ్వల కమ్మలు తీసింది. పాతకాలపు పని. ఒక్కో కమ్మకు నడుమ ఒకటి, చుట్టూ ఆరు రాళ్ళు.

"మా పుట్టింటివాళ్ళు పెట్టినవి" అందావిడ. "కుడి కమ్మలో ఒక రాయి కదులుతున్నట్టుంది. మనవరాలి పెళ్ళి. బిగించి, మిగతావి కూడా ఒకసారి చూసి పెట్టండి."

"కొత్తగా ఏం చెయ్యక్కర్లేదు" అన్నాడు తాతారావు గారు గబుక్కున. "ఆ ఒక్కటీ బిగిస్తే చాలు."

ఆచారి గారు కమ్మలు అరచేతిలోకి తీసుకుని, తన పాత అద్దంతో అటూ ఇటూ తిప్పి, కాశీనాథం ముందు పెట్టారు. "నువ్వు చెయ్యి" అన్నారు.

కాశీనాథం కొత్త అద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. అంత పెద్దది చేసి చూపే అద్దంతో ఒక చిక్కుంది: వస్తువును దాదాపు ముక్కుకు ఆనించుకోవాలి. అతని తల నీడ కమ్మ మీద పడింది. జరిగి జరిగి వెలుతురు చూసుకున్నాడు. ఒకసారికి ఒక్క రాయే కనిపిస్తోంది. అయితే ఏం, ఆ ఒక్కటీ ఎంత స్పష్టంగా కనిపిస్తోందని! కుడి కమ్మలో వదులైన రాయి దగ్గర బంగారపు అంచు ఎక్కడ అరిగిందో కనిపెట్టాడు. ఎడమ కమ్మ అందుకున్నాడు. చుట్టూ ఉన్న ఆరూ గట్టిగా ఉన్నాయి. కోసిన ముఖాల అంచులు కత్తివాదరల్లా ఉన్నాయి. నడిమి రాయి దగ్గర ఆగాడు.

దాని అంచులు చప్పరించిన పటికబెల్లం ముక్కలా మొద్దుబారి ఉన్నాయి. పైన సన్నసన్నని గీతలు. లోపల, అడుగున, ఉడికిన సగ్గుబియ్యపు గింజలాంటి బుడగ ఒకటి. మెరుపంతా రాయిది కాదు, వెనక పెట్టిన రేకుది.

గాజు!

కాశీనాథం రాయిని మరోసారి వెలుతురుకు తిప్పి చూశాడు. ఎవరూ చెప్పకుండా, తనంతట తాను పట్టుకున్న మొదటి గాజురాయి అది. గురువుగారి మూడింతల అద్దానికి చిక్కనిది తన అద్దానికి చిక్కింది. ఆ సంతోషంలో తల కూడా ఎత్తకుండా, "గురువుగారూ! ఈ నడిమి రాయి..." అని మొదలుపెట్టాడు.

ఆచారి గారి చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది. "రెండోది తెరువు" అన్నారు, నెమ్మదిగా.

కాశీనాథం ఎడమ కన్ను తెరిచాడు. కుడికంట్లో గాజురాయి అలాగే ఉంది. ఎడమకంట్లో, పని పీటకు అవతల, బల్ల మీద రత్తమ్మ గారు కొంగు సర్దుకుంటూ కనిపించింది. ఆవిడ వెనక నిలబడి ఉన్నాడు తాతారావు గారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకు కనిపించకుండా, రొమ్ము దగ్గర రెండు చేతులూ జోడించి, కాశీనాథం వైపే చూస్తున్నాడు. అంత నిటారైన మనిషి, తన మనవడి వయసువాడికి దణ్ణం పెడుతున్నాడు.

"నడిమి రాయికేమైంది నాయనా?" అంది రత్తమ్మ గారు.

కాశీనాథం కమ్మను పీట మీద పెట్టాడు. "ఏం లేదండీ. అది... గట్టిగానే ఉందండీ" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అయినా చెవులు వేడెక్కాయి.

తాతారావు గారు చేతులు దించి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎండ మండిపోతోంది. సోడా తాగొస్తాను" అని ఎవరి జవాబూ వినకుండా మెట్లు దిగిపోయాడు.

కాశీనాథం పదింతల అద్దం తీసి పక్కన పెట్టాడు. దానితో రాయిని చూడవచ్చుగాని, కంటికీ కమ్మకూ మధ్య పనిముట్టు దూరే చోటు ఉండదు. సొరుగులోంచి గురువుగారి ఇత్తడి చుట్టుది తీసి తలకు తగిలించుకున్నాడు. ఇప్పుడు కమ్మ మొత్తం కనిపిస్తోంది, చేతులు ఆడుతున్నాయి. కొసన లక్క ముద్ద ఉన్న కర్రను వేడి చేసి కుడి కమ్మను దానిమీద నిలిపాడు. సన్నని ఉలితో బంగారపు అంచును కొద్దికొద్దిగా రాయి మీదికి ఒత్తాడు. రాయి కదలడం ఆగింది. ఆ తరువాత అలవాటుగా రెండు కమ్మలూ కడగడానికి కుంకుడు రసం గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

రత్తమ్మ గారు ఒక్కసారి వీధి వైపు చూసి, బల్ల మీంచి ముందుకు వంగింది.

"ఎడమదాన్ని నీళ్ళలో ముంచమాకు బాబూ" అంది గొంతు తగ్గించి. "నడిమి రాయి వెనక రేకుంది. తడి తగిలితే నల్లబడుద్ది. నేను పొడి గుడ్డతోనే తుడుచుకుంటా."

కాశీనాథం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆచారి గారు మాత్రం తన చేతిలోని ఉంగరం మీంచి చూపు మరల్చలేదు.

"మీకు తెలుసా అమ్మా?" అన్నాడు కాశీనాథం.

"చెవులు నావి. నాకు తెలవకపోతే ఎవరికి తెలుసుద్ది?" ఆవిడ నవ్వింది. "మా పెళ్ళైన కొత్తల్లో ఆయనకి నాటకాల పిచ్చి. సమాజం పెట్టాడు. హార్మోనియం ఉంది, ఆడేవాళ్ళున్నారు, తెర లేదు. దుప్పట్లు కట్టి ఆడితే జనం నవ్వారంట. ఒకరోజు 'కమ్మలకి మెరుగు పెట్టించుకొస్తా ఇవ్వవే' అని గుంటూరు తీసుకెళ్ళాడు. తెచ్చి ఇచ్చాక, దీపం వెలిగించి అద్దంలో చూసుకున్నాను. ఎడమదాంట్లో ఆరు రాళ్ళు తళుక్కుమన్నాయి, నడిమిది పలకలేదు. ఒళ్ళు మండిపోయింది. ఏడ్చాను కూడా. నాటకం అయ్యాక నాలుగూ అడిగేద్దాం, అవసరమైతే మా అన్నయ్యని పిలిపిద్దాం అనుకున్నా."

"అడిగారా?"

"ముందు వరసలో కూర్చోబెట్టాడు నన్ను. ఎర్ర మఖమల్ తెర. కింద జరీ కుచ్చులు. అది పైకి లేస్తుంటే ఊరు ఊరంతా 'ఆహా' అంది. లేచిన తెర కింద రాజు వేషంలో ఈయన! జనాన్ని చూడలేదు. ముందు నన్ను చూశాడు, నా చెవులు చూశాడు, చప్పున తల తిప్పుకున్నాడు. పద్యం ఎత్తుకోవాల్సినవాడు ఎత్తుకోలేదు. హార్మోనియం ఆయన మళ్ళీ మళ్ళీ వాయిస్తూనే ఉన్నాడు. నాకు జాలేసింది. రేపు అడుగుదాంలే అనుకున్నా. ఆ రేపు ఇంతవరకూ రాలా."

"ఆ తెర ఉందా అమ్మా ఇప్పుడు?"

"తుఫానుకి పోయింది. సమాజమూ పోయింది, అందులో వేషం కట్టినవాళ్ళూ పోయారు. ఆయన మాత్రం, ఎవరైనా నా కమ్మలు బాగున్నాయంటే చాలు, లేచి బయటికెళ్ళిపోతాడు. ఇందాక చూడలా? సోడా అంట, సోడా. ఆయనకి పడనే పడదు." మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆవిడ వెనక్కి జరిగి కూర్చుంటూ, "ఆయనతో అనమాకు నాయనా" అంది.

కాశీనాథం అననన్నట్టు తలూపి, కుడి కమ్మను కుంకుడు రసంలో కడిగాడు. ఎడమదాన్ని పొడి గుడ్డతో, ఒక్కో రాయినీ విడివిడిగా తుడిచాడు. నడిమి రాయి దగ్గరికి వచ్చేసరికి అతని వేళ్ళు వాటంతటవే నిదానించాయి. ఇందాక గెలుపులా అనిపించినది ఇప్పుడు చేతిలో పిట్టపిల్లలా ఉంది. గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో అని భయమేసింది.

రత్తమ్మ గారు గోడ అద్దం ముందు నిలబడి కమ్మలు పెట్టుకుంది. తాతారావు గారు గుమ్మం అవతలే, వీధి వైపు తిరిగి నిలుచున్నాడు.

"ఏవండీ, ఇటొకసారి చూడండి. ఎలా ఉన్నాయి?" అందావిడ.

ఆయన తిరిగాడు. చూపు ఆవిడ చెవుల దాకా వెళ్ళలేదు. మొహం మీదే ఆగిపోయింది. "బాగున్నాయి" అన్నాడు. వేదిక మీద గంటల తరబడి పద్యాలు పాడిన గొంతు, ఆ ఒక్క మాటకు జీరపోయింది.

వెళ్ళేముందు ఆయన వెనకబడి, కాశీనాథం దగ్గరికి వచ్చాడు. అతని చేతిని రెండు చేతుల మధ్యా గట్టిగా పట్టుకుని వదిలేశాడు. ఆ ముసలి చేతులు చల్లగా ఉన్నాయి. కాశీనాథానికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడకిచ్చిన మాట అడ్డొచ్చింది.

రిక్షా కదిలింది. గతుకుల రోడ్డు మీద అది ఊగినప్పుడల్లా ఆవిడ చెవి దగ్గర ఒక మెరుపు. ఆవిడ పడిపోకుండా ఆయన చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా కాశీనాథం గుమ్మంలో నిలబడి చూశాడు.

లోపలికి వచ్చి తన చోట కూర్చున్నాడుగాని, పని చేతికి రాలేదు.

"గురువుగారూ" అన్నాడు చివరికి, "ఆయన ఇన్నేళ్ళూ భయపడుతూనే బతికాడు. ఆవిడకి తెలుసని, కోపం కూడా లేదని మనం ఒక్క మాట అనుంటే, ఆ పెద్దాయన గుండె మీది బరువు దిగిపోయేది కదండీ?"

సోమలింగాచారి గారు ఉంగరాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని, కింద పెట్టారు.

"ఆ మాట చెప్పాల్సిన మనిషి ఆయన పక్కనే కూర్చుని వెళుతోంది కదరా. కొల్లిపర దాకా బోలెడంత దారి" అన్నారు.