చివరి చెయ్యి

ఒక ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చట్టం చాలా తేలిక. ఏ కీడు జరిగినా, అంతకుముందు ఆఖరున ఎవరి చెయ్యి పడిందో వాళ్లే దోషి. దోషి బతికుంటే ఏరు దాటి వెళ్లిపోవాలి. బతికున్నా పోయినా, ఆ పేరు ఊళ్లో ఇంకెవరూ పెట్టుకోకూడదు.

పన్నెండుమందితో వెళ్తున్న పడవ నడి ఏట్లో మునిగింది. ఒక ముసలాయన పోయాడు. అందరికన్నా ఆఖరున ఎక్కింది పెరుగమ్మే ఆవిడ. ఇంకేం, ఊరంతా ఆవిణ్నే వేలెత్తి చూపింది.

కొత్తగా వచ్చిన న్యాయాధికారికి ఏదైనా కళ్లారా చూస్తే గాని తృప్తి ఉండదు. బతికిన పదకొండుమందినీ రేవుకి పిలిపించాడు. పోయినాయన బదులు ఒక ఇసక బస్తా తెప్పించాడు.

"ఆరోజు ఎలా ఎక్కారో అలాగే ఎక్కండి."

పదిమంది ఎక్కారు, బస్తానీ ఎక్కించారు. పెరుగావిడ ఒడ్డునే నిలబడిపోయింది.

"ఎక్కవేమ్మా?"

"ఆరోజూ ఇలాగే ఆగానండీ."

"మరి ఎలా ఎక్కావు?"

ఆరోజు "రామ్మా, సర్దుకుందాం" అంటూ చెయ్యందించి లాగింది ఆ ముసలాయనే. ఆ ఒక్క మాట అనేస్తే తను బయటపడుతుంది. కానీ గట్టు మీద ముసలాయన కూతురు పసివాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది. వాడికి తాత పేరు పెట్టి మూడు రోజులు కాలేదు. చెయ్యందించడం కూడా నేరమేనా అని ఆవిడకి ఒళ్లు మండింది.

"నేనే ఎక్కానండీ. ఎవరూ పిలవలేదు."

"ఏదీ, ఎక్కి చూపించు."

ఒడ్డుకీ పడవకీ మధ్య బారెడు నీళ్లు. ఆవిడ చీర ఎగగట్టి గెంతింది. అందలేదు. నీళ్లలో పడి పడవ అంచు పట్టుకుని వేలాడింది. పడవలో పదిమందీ ఒక్కసారే చేతులు చాచారు. పడవ ఒరిగింది గాని బోల్తాపడలేదు. న్యాయాధికారి "అయ్యయ్యో" అంటూ నీళ్లలోకి దిగి, తనూ పడవ మీద ఒక చెయ్యి వేశాడు. అంతే, పడవ తిరగబడింది.

లోతు లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తడిసి ముద్దయి అందరూ గట్టెక్కారు. న్యాయాధికారి కాళ్లు మాత్రం బురదలో కూరుకుపోయాయి.

"కాస్త చెయ్యందించవయ్యా," అన్నాడు గట్టు మీదున్న తన గుమస్తాతో.

గుమస్తా తిరగబడ్డ పడవని చూశాడు. ఆయన చాచిన చేతినీ చూశాడు. తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పక్కనున్న పదిమందీ అదే పని చేశారు.

అప్పుడు పెరుగావిడ కొంగు బిగించి, వంగి చెయ్యి చాపింది.

"పట్టుకోండి బాబూ."

"వద్దమ్మా. నాకేమన్నా అయితే నీ మీదికొస్తుంది."

"రానీండి."

ఆయన పట్టుకున్నాడు. గట్టెక్కాక ఆవిణ్ని ఇంకే ప్రశ్నా అడగలేదు.