రాజుగారి మెడలో మామిడిపిందెల హారం

వెనకటికి పద్మగిరి అనే రాజ్యాన్ని ఉద్దండకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. జనాన్ని పీడించడం, ఊరికే కొట్టించడం ఎరగడు. కాకపోతే తనకు తెలియని విద్య లేదని ఆయనకు గట్టి నమ్మకం. పుచ్చకాయ మీద తట్టి లోపల ఎన్ని గింజలున్నాయో చెప్పేసేవాడు. కోసి లెక్కపెట్టే ధైర్యం ఎవరికుంది? సభలో అందరూ తలలూపేవాళ్ళు.

ఆయన రాణి మందాకినీదేవి దగ్గర సూరాంబ అనే ఆవిడ ఉండేది. రాణిగారికి తల దువ్వి జడ అల్లడం ఆమె కొలువు. చేతివేళ్ళు ఎంత చురుకో నాలుకా అంతే చురుకు. ఆమె మాటలకు నవ్వీ నవ్వీ రాణి తల కదిలించేసేది. అల్లిన జడ విప్పి మళ్ళీ అల్లాల్సి వచ్చేది.

ఒక ఏడు వసంతోత్సవంలో రాజుగారు మేడమీద కూర్చుని జనాన్ని చూస్తున్నాడు. గుంపులో ఒకావిడ ధగధగా మెరిసిపోతోంది. మెడకు కంటె, చేతులకు వంకీలు, నడుముకు వడ్డాణం. రాజుగారు మీసం దువ్వుకుని, "అదీ బంగారమంటే! ఆవిడెవరో గొప్ప ఇంటి ఇల్లాలు. తీసుకొచ్చి ముందు వరసలో ఆసనం వెయ్యండి" అన్నాడు.

వేశారు. ఆవిడ బెదురుతూ బెదురుతూ అంచుమీద కూర్చుంది.

"ఏ సంస్థానం అమ్మా మీది?" అని అడిగాడు రాజు.

"సంస్థానమేంటి దొరా! తూర్పు వాకిట్లో వంకాయలమ్ముతాను."

"మరి ఈ నగలు?"

"కంసాలి కాళాచారి చేసిన పూత నగలు బాబూ. లోపల రాగి, పైన బంగారం."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, వీధి వీధంతా గొల్లుమంది. రాజుగారి చెవులు ఎర్రబడిపోయాయి. "నాకు ముందే తెలుసు! నిజం చెబుతుందో లేదో అని చూశాను" అని గట్టిగా అని, ఉత్సవం సగంలోనే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వీధివీధినా దండోరా మోగింది.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా! నేటినుంచి పద్మగిరిలో ఎవరూ పూత నగలు చేయరాదు, పెట్టరాదు. ఉన్నవి కోట వాకిట్లో అప్పగించాలి. పూత నగ ఒంటిమీద కనిపిస్తే, వాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, పొద్దుగుంకేలోగా పొలిమేర దాటాలి. వాటిని చేసే కాళాచారి మూడోనాటికి ఇంటిల్లిపాదితో రాజ్యం విడిచిపోవాలహో!"

సూరాంబ దండోరా విని చెవులు తడుముకుంది. ఆమె చెవుల కమ్మలూ, మెడలో గొలుసూ కాళాచారి చేతి పూతవే. గబగబా తీసి కొంగున ముడివేసుకుంది. చెవులు బోసిపోకుండా వేపపుల్లలు గుచ్చుకుంది. అద్దంలో చూసుకుంటే తన మొహం తనకే పరాయిగా కనిపించింది.

అంతలో కాళాచారే వచ్చాడు. పదిరోజులు లంఖణాలు చేసినవాడిలా ఉన్నాడు.

"చెల్లెమ్మా, కొలిమి ఆర్పేశాను. మా తాతల నాటి నుంచి ఆరని కొలిమి" అన్నాడు.

"అన్నా, ఎవరికైనా అచ్చం బంగారమని చెప్పి అమ్మావా?"

"ఎంత మాట! ఒక్కొక్కరికీ చెప్పే చేతిలో పెడతాను. ఇది రాగి తల్లీ, చెమటకు మూడేళ్ళలో పూత వెలిసిపోతుంది, తీసుకురా, మళ్ళీ పూస్తానని. చేయించుకునే స్తోమత ఉన్నవాళ్ళు గట్టి బంగారం చేయించుకుంటారు. లేనివాళ్ళకు పెళ్ళిలోనూ పేరంటంలోనూ నలుగురిలో మెడ నిండుగా ఉండాలని ఉండదా?"

"మూడురోజులు గడువుందిగా. సామాను కట్టకు" అంది సూరాంబ.

సూరాంబ కోట వాకిట్లోకి వెళ్ళి చూస్తే అదొక సంత. సేనను నడిపే దళవాయి చాప పరిచి కూర్చున్నాడు. ఆయన ముందు నగల కుప్ప. ఏది గట్టి బంగారమో ఏది పూతో ఆయనకూ తెలియదు, భటులకూ తెలియదు. ఒక వర్తకుడి భార్య మేలిమి వడ్డాణాన్ని పూతదని కుప్పలో పడేశారు. ఆవిడ భటుడి తలపాగా పట్టుకుని వదలడం లేదు. ఆ పక్కనే కుమ్మరి ఇల్లాలి పూత నానుతాడును చేతులు జోడించి, "మేలిమిది తల్లీ, భద్రం" అని తిరిగి ఇచ్చేశారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక పరుగో పరుగు.

దళవాయి తల పట్టుకున్నాడు. "సూరాంబా, పులిని పట్టి తెమ్మన్నా తెస్తాను గాని ఈ నగలు నా వల్ల కాదు. గీటురాయి మీద గీస్తే అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఆకురాయితో లోపలిదాకా రాకి అరగదీస్తే తప్ప తేలదట. ఊళ్ళో నగలన్నీ రాకమంటావా?"

సూరాంబ నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఆమె కళ్ళలో తళుక్కున ఏదో మెరిసింది. మరుక్షణం చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని అంతఃపురం వైపు ఒకటే పరుగు. రొప్పుతూ వెళ్ళి రాణిగారి చెవిలో ఏదో చెప్పింది. రాణి నోటికి పైటచెంగు అడ్డం పెట్టుకుంది. "ఆయన గుర్తుపడితే?" అంది.

"పడితే నా మెడ పోతుంది అమ్మగారూ. పడరులెండి" అంది సూరాంబ.

ఆ మధ్యాహ్నమే నిండు సభ తీరింది. నగలు పోగొట్టుకున్నవాళ్ళూ, పోతాయని భయపడేవాళ్ళూ వాకిళ్ళ దాకా కిక్కిరిసిపోయారు. సూరాంబ ఒక ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో పట్టుగుడ్డ, దానిమీద రెండు హారాలు. ఒకటి కాసులపేరు, రెండోది మామిడిపిందెల హారం.

"ప్రభూ, వాకిట్లో మీ భటులు మేలిమిని పూతంటున్నారు, పూతను మేలిమంటున్నారు. పాపం వాళ్ళేం చేస్తారు? తమ కన్ను వాళ్ళకు లేదాయె. ఈ రెండు హారాల్లో ఏది గట్టి బంగారమో తమరు ఎంచి చూపిస్తే, చూసి నేర్చుకుంటారు."

రాజుగారి మొహం వెయ్యి దీపాలంత అయింది. వసంతోత్సవం నాటి నవ్వులన్నీ తుడిచేసే అవకాశం చేతికందింది.

"ఇందులో నేర్చుకోవడానికేముంది? తే ఇటు!"

కాసులపేరు ఎత్తి చూశాడు. కన్ను చిట్లించాడు. చెవి దగ్గర ఆడించాడు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"ఛీ! ఇత్తడి కంపు!" అని పళ్ళెంలోకి విసిరేశాడు. "ఇది పూత. చిన్నపిల్లలక్కూడా తెలుస్తుంది."

సభలో ముందు వరస వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

తర్వాత మామిడిపిందెల హారం అందుకున్నాడు. "ఇదిగో, ఇదీ బంగారం! ఈ బరువు చూడండి. ఈ నిగనిగ చూడండి. నా కంటికి గీటురాయి ఎందుకు?" అని స్వయంగా మెళ్ళో వేసుకుని, గుండెలు పొంగించి కూర్చున్నాడు.

"ఆహా! ప్రభువుల కంఠాన పడ్డాక దానికే వన్నె వచ్చింది!" అన్నారు సభికులు.

"తమ మాటకు తిరుగేముంది ప్రభూ" అంది సూరాంబ వినయంగా. "ఇక ఆ హారంలో ఒక్క పిందెను అందరి ముందూ కాస్త రాకి చూపిస్తే భటుల అనుమానం కూడా తీరిపోతుంది. కాళాచారి ఆకురాయి తెచ్చి సిద్ధంగా ఉన్నాడు."

"రాకనీ! నాకేం భయం?" అన్నాడు రాజు.

కాళాచారి ఆకురాయి పట్టుకుని ముందుకొచ్చాడు. సూరాంబ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఉండన్నా. ముందు దండోరా మాట ఒకసారి చదివించుకుందాం. తర్వాత ఎవరూ తెలియదనకూడదు కదా." దళవాయి వైపు తిరిగి, "అయ్యా, తమరు చదవండి" అంది.

దళవాయి గొంతు సవరించుకున్నాడు. "పూత నగ ఒంటిమీద కనిపిస్తే, వాళ్ళు... ఎంతటివాళ్ళయినా సరే... పొద్దుగుంకేలోగా..." అక్కడ ఆయన గొంతు సన్నబడిపోయింది. "...పొలిమేర దాటాలి."

అందరి చూపులూ కిటికీలోంచి పడమటి వైపు వెళ్ళాయి. పొద్దు వాలుతోంది. అందరూ మళ్ళీ రాజుగారి మెడ వైపు చూశారు.

రాజుగారి చెయ్యి మెల్లగా హారం మీదికి వెళ్ళింది. పిందెను నలిపి చూశాడు. ఇందాకటి బరువు ఇప్పుడు తెలియడం లేదు. సూరాంబ మొహంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు, గోడలా ఉంది. ఆమె చెవుల్లో వేపపుల్లలు మాత్రం కనిపించాయి. రాణి వైపు చూశాడు. ఆమె తన చేతి గాజులు ఎన్నో లెక్కపెట్టుకుంటున్నట్టుంది. వంకాయలావిడ గుర్తొచ్చింది. ఆ రోజు కూడా సరిగ్గా ఇంత నమ్మకంగానే చెప్పాడు కదా!

"రాకితే పనితనం పాడైపోదూ?" అన్నాడు నెమ్మదిగా.

"ఒక్క పిందే కదా ప్రభూ. కాళాచారి మళ్ళీ అతికేస్తాడు."

"ఈ పూటే ఎందుకు? రేపు మంచిరోజు..."

"పొద్దు గుంకకముందే తేలితే మంచిది మహారాజా. గుంకాక తేలితే..." సూరాంబ మాట అక్కడితో మింగేసింది.

వెనక వరసలోంచి వర్తకుడి భార్య అరిచింది, "రాకి చూడండి! నా వడ్డాణం కుప్పలో పడేశారుగా!" ఆ అరుపుతో జనం అందుకున్నారు. "రాకి చూడండి! రాకి చూడండి!" సభ స్తంభాలు అదిరిపోతున్నాయి. కాళాచారి ఆకురాయి ఎత్తాడు. సింహాసనం మెట్టు మీద కాలు పెట్టాడు. సూరాంబ రాజుగారి పెదవుల వైపే చూస్తోంది. రాజుగారు గనక కళ్ళు మూసుకుని 'కానీ' అంటే కథ ముగిసినట్టే!

"ఆగు!"

రాజుగారు లేచి నిలబడ్డాడు. రెండు చేతులతోనూ హారాన్ని కప్పుకున్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో దర్పం ఎగిరిపోయి, మామూలు మనిషి కనిపించాడు.

"వినండి" అన్నాడు. "నగ లోపల ఏముందో పెట్టుకున్నవాళ్ళకీ, చేసినవాడికీ తెలిస్తే చాలు. ప్రజల మెడలు రాకి చూడడం రాజు పని కాదు. దండోరా రద్దు చేస్తున్నాను. ఎవరి నగలు వాళ్ళకు ఇచ్చెయ్యండి. అయితే పూతను మేలిమని చెప్పి అమ్మినవాడిని మాత్రం వదలను. కాళాచారీ, నువ్వు పూత అనే చెప్పి అమ్ముతావట. వెళ్ళి కొలిమి వెలిగించుకో."

జనం కేకలతో కోట దద్దరిల్లింది. తలపాగాలు గాల్లోకి లేచాయి. కాళాచారి ఆకురాయి అక్కడే వదిలేసి, ఏడుస్తూ నవ్వుతూ సూరాంబ చేతులు పట్టుకున్నాడు.

సభ ముగిశాక రాజుగారు సూరాంబను లోపలికి పిలిపించాడు. రాణి అక్కడే ఉంది. హారం ఇంకా ఆయన మెళ్ళోనే ఉంది.

"నిజం చెప్పు. ఇది పూతదేనా?"

"అభయం ఇస్తే చెబుతాను ప్రభూ."

"ఇచ్చాను."

"అచ్చమైన మేలిమి బంగారం."

రాజుగారు నిట్టూర్చాడు. "మరి చూశావా! నేను చెప్పింది నిజమే. ఆ కాసులపేరు పూతదన్నమాట."

"అదీ మేలిమే ప్రభూ."

"ఏమిటీ? ఇత్తడి వాసన వచ్చిందే!"

"వచ్చింది ప్రభూ. పళ్ళెం ఇత్తడిది."

రాణి ఇక ఆపుకోలేకపోయింది. పడీపడీ నవ్వింది. "ఆ రెండూ నావేనండీ! మామిడిపిందెల హారం మన పెళ్ళిలో మీ చేత్తోనే నా మెళ్ళో వేశారు!"

రాజు, "మరి నువ్వు పూతదని చెప్పావు కదా!" అన్నాడు సూరాంబతో.

"నేనెక్కడ చెప్పాను ప్రభూ? ఒక్కసారి కూడా అనలేదు. పూత నగ తెచ్చి సభలో పెడితే పొలిమేర దాటాల్సింది ముందు నేనే కదా! అందుకని వెతికి వెతికి మేలిమివే తెచ్చాను. అనుమానం మాత్రం తమ సొంతం."

ఉద్దండకేసరి ఆమె వైపు చూశాడు. రాణి వైపు చూశాడు. హారం వైపు చూసుకున్నాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత పొట్ట. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే మెళ్ళోంచి హారం తీసి, "ఇదిగో, నీ బహుమానం" అని సూరాంబకు ఇవ్వబోయాడు.

"అది నాదండీ!" అని రాణి చటుక్కున లాక్కుంది.

చివరికి సూరాంబ చెవులకు గట్టి బంగారంతో కమ్మలు చేయమనీ, తూర్పు వీధిలో ఆమెకు ఒక ఇల్లు కట్టించి ఇవ్వమనీ ఉత్తర్వయింది. ఆమె మొక్కి గడప దాటబోతుంటే రాజుగారు గొంతు తగ్గించి మళ్ళీ పిలిచాడు.

"సూరాంబా, ఒక్క మాట. ఈ కిరీటం ఉంది చూశావూ, అచ్చంగా గట్టి బంగారం. పొద్దస్తమానం మోయలేక మెడ పీకేస్తోంది. కాళాచారిని అడుగు... లోపల రాగితో ఒకటి చేస్తాడేమో. అచ్చం ఇలాగే ఉండాలి. ఎవరికీ చెప్పకు."

ఆ దసరా దర్బారులో రాజుగారు నాలుగు ఝాములపాటు మెడ వంచకుండా నిటారుగా కూర్చున్నాడు. "మేలిమి కిరీటం వెలుగంటే అదీ! చూడగానే తెలిసిపోతుంది!" అని సభికులు వేనోళ్ళ పొగిడారు. రాజుగారు మాత్రం రాణి వెనక నిలబడ్డ సూరాంబ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాడు. చూస్తే నవ్వొస్తుందని.