దోసపండు పరీక్ష

గోదావరికి ఎగువన ఒకానొక చిన్న రాజ్యంలో, ప్రమాదీచ నామ సంవత్సరం భాద్రపద బహుళ తదియ, గురువారం, పొద్దు పొడిచి ఆరు ఘడియలైన వేళ మార్తాండరాయలవారు కొలువు తీర్చారు. ఆ తిథీ, ఆ ఘడియా తాటాకు మీద రాసి మా ఇంట్లో దేవుడి మందసంలో పెట్టి ఉండేవి. ఎందుకంటే ఆనాటి కొలువులో ఉన్న పేరిశాస్త్రిగారు మా తాతగారికి ముత్తాత.

ఏ పనికి ఎంత ధాన్యం ఇవ్వాలో ఏడాదికోసారి సభలో తేల్చే రోజు అది. గుళ్లకీ కాలవలకీ అయిపోయాక చివరికి క్షురక పరీక్షా మండలి వంతు వచ్చింది. ఆ రాజ్యంలో ఎవరు పడితే వారు మంగలికత్తి పట్టడానికి లేదు. మండలి ముందు పరీక్ష ఇచ్చి రాగిబిళ్ల పుచ్చుకోవాలి. చూడటానికి తేలిక పరీక్షే. బాగా మాగిన దోసపండుకు కుంకుడు నురగ పూసి చేతికిస్తారు. తోలు మీద గీత పడకుండా నురగంతా కత్తితో తీసేయాలి. మాగిన దోసపండు సంగతి మీకు తెలియందేముంది, గట్టిగా చూస్తే పగులుతుంది.

మండలి పెద్ద శరభయ్యకు డెబ్బై ఏళ్లు. చిన్నతనంలో ఎవడో మొరటు మంగలి పెట్టిన కత్తిగాటు చీముపట్టి వాళ్లన్న పోయాడు. అప్పట్నుంచీ ఆయన ఈ పనిలోనే ఉన్నాడు. సభ ఇరవై పుట్ల ధాన్యం ఇస్తే మండలి సాగుతుంది. లేదంటే ఆ పూటే మూత.

రాయలవారు మాట్లాడేముందు కుడి మీసం, మాట్లాడాక ఎడమ మీసం దువ్వుకునేవారు. ఆవేళా కుడిది దువ్వి, "దోసకాయలు గొరగడానికి ఇరవై పుట్లా? కత్తి పట్టిన ప్రతివాడూ క్షురకుడే. మండలీ వద్దు, ధాన్యమూ వద్దు. శాసనం రాయండి" అని ఎడమది దువ్వుకున్నారు.

సభ తలూపింది. తలూపడంలో మాత్రం ఆ సభవారికి ఏ పరీక్షా అక్కర్లేదు. శరభయ్య పైపంచె కొసతో ముఖం తుడుచుకున్నాడు.

పేరిశాస్త్రిగారు లేచారు. ఇంత సులువైన మాట ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదని ఏలినవారిని పొగిడి పొగిడి, మెల్లిగా ఆచారం గుర్తుచేశారు. ఆ రాజ్యంలో కొత్త శాసనం ఏదైనా ముందు రాజుగారి మీద జరగాలి, ఆ తరవాతే ఊళ్లో దండోరా. ఉప్పు మీద సుంకం వేసిన ఏడు వారి తండ్రిగారు వారం రోజులు చప్పిడి తిన్నారు.

దానికేం, ఎవడినైనా పిలవండన్నారు రాయలవారు దర్జాగా.

శాస్త్రిగారు కోట బయటికి వెళ్లి, ఘడియ తిరక్కుండా ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చారు. అతని పేరు పోలయ్య, కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. నడుముకు మోకు, మొలలో మూరెడు గీతకత్తి.

"నువ్వు క్షురకుడివా?" అని అడిగారు రాయలవారు.

"పొద్దుటిదాకా కాదు దొరా. ఇందాకే అయ్యానని శాస్తుర్లుగారు సెప్పారు."

"ఎప్పుడైనా ఎవరికైనా గడ్డం గీశావా?"

"మా మేకకి గీశాను దొరా. ఏమీ అనలేదు." కాస్త ఆగి, "ఇప్పుడది లేదులెండి" అన్నాడు.

పోలయ్య కత్తిని గుమ్మం రాతికి నూరి, తాటిచెట్టును చూసినట్టు రాయలవారిని కిందనుంచి పైదాకా చూస్తూ ఒక చుట్టు తిరిగాడు. "ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు దొరా? కింద మొదట్నుంచా, పైన మొవ్వునుంచా?"

రాయలవారి రెండు చేతులూ తమంతట తామే మీసాల మీదికి పోయాయి. "ఆగు. ముందు ఆ దోసపండేదో తెప్పించండి. దానిమీద చెయ్యి చూపించాక నా దగ్గరికి రా."

వంటశాలనుంచి పండు వచ్చింది. శరభయ్యే నురగ పట్టించాడు. పోలయ్య ఒక్క వేటు వేశాడు. పండు రెండు చెక్కలై, గింజలు ఎగిరి రాయలవారి మీసాలకు అంటుకున్నాయి.

శాస్త్రిగారు చేతులు కట్టుకుని అన్నారు: "ప్రభూ, ఏలినవారు ఇప్పుడు పెట్టించినదాన్నే మేము పరీక్ష అంటాం. ఒక్క గడ్డానికే అది కావలసి వచ్చింది. ఊళ్లో నాలుగు వేల గడ్డాలున్నాయి. వాటి కింద గొంతులూ అన్నే."

రాయలవారు మీసంలోంచి ఒక గింజ తీసి చూసుకున్నారు. ఇంకొకటి తీశారు. మూడోది తీస్తూ పకపకా నవ్వేశారు. రాసిన శాసనం చింపించి, ఇరవై పుట్లను ముప్పై చేశారు. తమ భుజాన ఉన్న శాలువ తీసి శాస్త్రిగారికి కప్పారు. పోలయ్యకు మేకను ఇప్పించారు. శరభయ్య మాత్రం సభ ముగిసినా కదలక, స్తంభం పక్కన కూర్చుని చాలాసేపు కళ్లు ఒత్తుకున్నాడట.

మర్నాడు తెల్లవారగానే శాస్త్రిగారి భార్య కనకాంబగారు ఆ శాలువను దేవుడి పాదాల దగ్గర పెట్టి దీపం వెలిగించారు. మండలివారి పాక వానకు కారుతోందని తెలిసి, ధాన్యం కొలిచి ఇచ్చేదాకా ఆగలేక, ఇంటిల్లిపాదీ అక్కడికి నడిచారు. పోలయ్య అప్పటికే పచ్చి తాటాకులు కొట్టుకొచ్చి పాక పైకి ఎక్కి కూర్చున్నాడు. ఆడవాళ్లు ఆకులందించారు, శాస్త్రిగారు తాళ్లు తడిపి ఇచ్చారు, శరభయ్య నిచ్చెన పట్టుకున్నాడు.